కొండ మునిగేదాకా సిగ్నల్

విశాఖ ఫిషింగ్ హార్బరులో ఐసూ డీజిలూ ఎక్కించుకుని బయల్దేరిన మరబోటు మీద మొదటి రెండు గంటలూ ఫోన్ల హడావుడే. ఇంటికి చెప్పాల్సిన మాటలు, యజమానితో తేల్చుకోవాల్సిన లెక్కలు, వాతావరణం గురించి చివరి వాకబు, అన్నీ ఆ కాస్త వ్యవధిలోనే అయిపోవాలి. బోటు గంటకు ఏడెనిమిది నాటికల్ మైళ్ళు, అంటే పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. రెండు గంటలయ్యేసరికి తీరం పాతిక, ముప్ఫై కిలోమీటర్లు వెనకబడుతుంది. మాట తెగి తెగి వినిపిస్తుంది. ఆపైన పది పదిహేను రోజులపాటు ఆ ఫోను పాటలకీ, ముందే దించుకున్న సినిమాలకీ తప్ప కొరగాదు.

ఎందుకిలా అని అడిగితే "టవర్ దూరమైపోయింది కదా" అంటారు ఎవరైనా. ఇది సగం నిజం. 1977లో బయల్దేరిన వాయేజర్-1 అంతరిక్ష నౌక ఇరవై చిల్లర వాట్ల ట్రాన్స్‌మిటరుతో 2,500 కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి భూమితో మాట్లాడుతోంది. దాని మాట వినడానికి డెబ్భై మీటర్ల వెడల్పున్న యాంటెన్నా కావాలి, నిజమే. కానీ ముప్ఫై కిలోమీటర్ల దగ్గర మన ఫోను చేతులెత్తేయడానికి దూరం ఒక్కటే కారణం కాదని చెప్పడానికి ఆ ఉదాహరణ చాలు. రేడియో తరంగానికి సముద్రం సుఖమైన దారి. చెట్లు లేవు, గోడలు లేవు, అపార్టుమెంట్లు లేవు. పట్నంలో రెండు కిలోమీటర్లకే చచ్చిపోయే సిగ్నల్ నీటి మీద పాతిక కిలోమీటర్లు పోతుంది. అక్కడ దాన్ని ఆపేవాటిలో ప్రకృతి వాటా కొంతే. మిగిలినవి నేల మీద తిరిగే మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని మనమే రాసుకున్న లెక్కలు, మనమే గీసుకున్న హద్దులు.

ముందు ప్రకృతి సంగతి చూద్దాం. అది భూమి గుండ్రదనంతో మొదలవుతుంది. ఒడ్డు వదిలిన బోటు మీంచి వెనక్కి చూస్తే మొదట ఇసక మునుగుతుంది, తర్వాత ఇళ్ళు, తర్వాత కొబ్బరిచెట్ల తలలు, అన్నిటికన్నా చివర కొండలు. మన జాలర్లు దీన్ని పాఠ్యపుస్తకంలో చదవక్కర్లేకపోయింది. జీపీఎస్ రాకముందు చేపలుండే రాతిగుట్టల చోటు పట్టుకోవడానికి ఒక కొండకొమ్మునూ ఒక గుడి గోపురాన్నీ ఒకే వరసలోకి తెచ్చుకునేవారు. ఇంకోపక్క అలాంటిదే మరో వరస చూసుకునేవారు. ఆ రెండు గీతలూ కలిసేచోట తాడు జారవిడిచి నీటి లోతు ఎన్ని బారలో కొలిచేవారు. తరాల కిందట పూరీ తీరానికి వెళ్ళి స్థిరపడిన తెలుగు వాడబలిజ జాలర్లది కూడా ఈ పద్ధతే. ఏ కొండ ఎంత దూరంలో కనుమరుగవుతుందో తెలిసినవాడికి, ఏ టవర్ ఎంత దూరంలో మూగబోతుందో కూడా దాదాపు తెలిసినట్టే. రెండిటికీ లెక్క ఒక్కటే.

ఆ లెక్క కష్టమైనదేం కాదు. కంటి ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చవేస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. రేడియో తరంగాలకు ఇంకాస్త వెసులుబాటుంది. నీటికి దగ్గరగా గాలి చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా ఉంటుంది కాబట్టి తరంగం కొద్దిగా కిందికి వంగి, భూమి వంపును కొంతమేర అనుసరిస్తుంది. అందుకని వాటికి 3.57కు బదులు 4.12 వాడతారు. ఇప్పుడు తీరంలో నలభై మీటర్ల టవర్ ఉందనుకుందాం. దాని దిగంతం 26 కిలోమీటర్లు. బోటు మీద నిలబడ్డ మనిషి చేతిలోని ఫోను నీటికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే దాని దిగంతం ఇంచుమించు 6 కిలోమీటర్లు. రెండూ కలిపితే 32. అంతకు మించితే మధ్యలో నీటి గుట్ట అడ్డం వస్తుంది.

అదే టవర్ రెండు వందల మీటర్ల కొండ మీద ఉంటే? కొండ ఎత్తుకే 58 కిలోమీటర్లు. ఫోను వాటా కలిపితే 64. ఆంధ్ర తీరంలో ఊరికీ ఊరికీ మధ్య సిగ్నల్ తేడా రావడానికి ఇదొక ముఖ్యకారణం. విశాఖ, భీమిలి ప్రాంతంలో తూర్పుకనుమల కొసలు సముద్రం అంచుదాకా వచ్చి నిలబడతాయి. దక్షిణాన గోదావరి, కృష్ణలు మోసుకొచ్చిన ఒండ్రు నేల చాపలా పరుచుకుంది. అంతర్వేది, మచిలీపట్నం, నిజాంపట్నం దగ్గర్లో సముద్రాన్ని చూసే కొండ లేదు. అక్కడ టవర్ ఎత్తే టవర్ ఎత్తు, ఇంకెవరూ భుజం ఇవ్వరు. కాబట్టి ఒకే కంపెనీ, ఒకే ఫోను, ఒకే మనిషి అయినా కోనసీమ తీరంలో కలిసిరానిది విశాఖ తీరంలో కలిసిరావచ్చు.

అప్పుడప్పుడూ ఈ లెక్కను గాలి తిరగరాస్తుంది. వేసవిలో నేల మీంచి వేడి పొడిగాలి చల్లటి నీటి మీదికి వీచినప్పుడు, కింద తేమగాలీ పైన పొడిగాలీ పొరలుగా నిలుస్తాయి. ఆ పొరల మధ్య చిక్కిన తరంగం పైకి తప్పించుకోలేక, వంపు వెంబడే చాలా దూరం పోతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బొంబాయి తీరంలోని రాడార్ తెర మీద వందల మైళ్ళ అవతలున్న అరేబియా తీరం ప్రత్యక్షమై సైనికుల్ని బిత్తరపోయేలా చేసింది ఇందుకే. ఇలాంటి రోజుల్లో బోటులో హఠాత్తుగా ఫోను మోగవచ్చు. అయితే తూర్పు తీరంలో మరబోట్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఈ అదృష్టంలో చాలా భాగం రేవులో కట్టేసిన బోట్ల పాలవుతుంది!

దిగంతం లోపలున్నా అంతా సవ్యమని కాదు. ఉప్పునీరు రేడియో తరంగాలకు మంచి అద్దం. టవర్ నుంచి ఫోనుకు ఒక కిరణం నేరుగా వస్తే, రెండోది నీటి మీద తగిలి వస్తుంది. చాలా ఏటవాలుగా తగిలిన కిరణం పరావర్తనంలో తలకిందులవుతుంది. దూరం పెరిగేకొద్దీ రెండు దారుల నిడివీ దాదాపు సమానమవుతుంది కాబట్టి, ఒకటి ఎగుడైనచోట రెండోది దిగుడై, ఒకదాన్నొకటి తినేస్తాయి. ఖాళీ అంతరిక్షంలో దూరం రెట్టింపైతే సిగ్నల్ బలం నాలుగో వంతుకు పడుతుంది. నీటి మీద, దూరంగా వెళ్ళాక, అది పదహారో వంతుకు పడుతుంది. సుఖమైన దారి అన్నాను గానీ, చివరి పది కిలోమీటర్లూ అంత సుఖం కాదు. ఇందులో ఊరటనిచ్చే విషయం ఒకటుంది. ఇదే లెక్క ప్రకారం యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే అందే బలం నాలుగు రెట్లవుతుంది. బోటు కేబిన్ పైకెక్కి మాట్లాడేవాడికి ఈ సూత్రం తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం అనుభవమే.

ఇక్కడినుంచి మనుషుల వంతు.

ఫోను తెర మీద నాలుగు గీతలూ నిండుగా ఉన్నా కాల్ కలవని అనుభవం తీరం దాటినవాళ్ళలో చాలామందికి ఉంటుంది. ఆ గీతలు చెప్పేది ఫోనుకు టవర్ ఎంత బాగా వినిపిస్తోందన్నదే. టవర్‌కు ఫోను వినిపిస్తోందో లేదో వాటికి తెలియదు. టవర్ ఇరవై, నలభై వాట్ల శక్తితో గొంతెత్తగలదు. 4జీ ఫోను ఎంత గట్టిగా అరిచినా వాటులో అయిదో వంతు, 0.2 వాట్లు. తెగేది ఎప్పుడూ ఈ రెండో దిక్కే. మాట నిలబడనిచోట ఎస్సెమ్మెస్ వెళ్ళిపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. మాటకు తెంపు లేని దారి కావాలి. సందేశం చిన్నది, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది, కెరటం బోటును పైకెత్తిన ఆ రెండు మూడు సెకన్లు దానికి చాలు.

పాత 2జీ ఫోన్లకు 900 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు వాట్ల దాకా అనుమతి ఉండేది. నేటి 4జీ ఫోనుకు పదింతలు. మరి ఆ కీప్యాడ్ ఫోన్లు ఇంకా లోపలికి పనిచెయ్యాలి కదా? దిగంతం 64 కిలోమీటర్లున్న కొండ టవర్ కింద కూడా అవి సరిగ్గా 35 దగ్గర ఆగిపోతాయి. సిగ్నల్ బలంగా ఉన్నా సరే, ఆగిపోతాయి. ఇది భౌతికశాస్త్రం గీసిన గీత కాదు, 1980లలో యూరప్ ఇంజనీర్లు కాగితం మీద గీసిన గీత.

2జీలో ఒక ఫ్రీక్వెన్సీని ఎనిమిదిమంది పంచుకుంటారు. వీధి కుళాయి దగ్గర ఎనిమిది బిందెలకు వంతులు వేసినట్టు, ఒక్కొక్కరికీ ఒక్కో విడతలో 577 మైక్రోసెకన్లు. తన వంతు దాటి ఒక్క చుక్క పట్టినా పక్కవాళ్ళ బిందె తగ్గుతుంది. చిక్కేమిటంటే దూరంగా ఉన్నవాడి సిగ్నల్ టవర్ చేరేసరికి ఆలస్యమై, తర్వాతివాడి వంతులోకి జొరబడుతుంది. దానికి విరుగుడుగా టవర్ ఒక్కో ఫోనుకూ "నువ్వు ఇంత ముందుగా మొదలుపెట్టు" అని చెబుతుంది. ఆ చెప్పడానికి కేటాయించిన అంకెలు 0 నుంచి 63 వరకే. ఒక్కో మెట్టు ఇంచుమించు 550 మీటర్లు. అరవై మూడు మెట్లు కలిపితే 35 కిలోమీటర్లు. 64 అన్న అంకె లేదు కాబట్టి ముప్ఫై ఆరో కిలోమీటరు నుంచి మాట్లాడేవాడికి ఆ నెట్‌వర్క్‌లో చోటు లేదు. నేల మీద ముప్ఫై అయిదు కిలోమీటర్లు వినిపించే టవర్ అరుదు గనక ఆ ఇంజనీర్లను తప్పుపట్టలేం. వాళ్ళ మనసులో ఉన్నది రోడ్లు, ఊళ్ళు. ఒకే మనిషికి రెండు వంతులు కట్టబెట్టి ఈ గోడను దాటే ఏర్పాటు తర్వాత వచ్చింది. దాంతో టవర్ మోయగల కాల్స్ సగానికి పడిపోతాయి. జనం పలచగా ఉండే ఆస్ట్రేలియా తీరాల వంటి చోట్లకు అది కుదిరింది.

4జీలో ఈ గోడను చాలా దూరం జరిపారు. అందులో మెట్టు 78 మీటర్లు, మెట్లు 1,282. అంటే వంద కిలోమీటర్లు. కానీ ఫోను మొదటిసారి టవర్‌ను పలకరించడానికి వాడే సంకేతంలో పొట్టివీ పొడుగువీ రకాలున్నాయి. పొట్టి రకం పెట్టుకుంటే టవర్ పరిధి పద్నాలుగు పదిహేను కిలోమీటర్లే. పొడుగు రకం పెట్టుకుంటే డెబ్భై, వంద. పొడుగు రకం ఎక్కువ సమయం తింటుంది, ఆ మేరకు కిందనున్న ఊరి జనానికి డేటా తగ్గుతుంది. ఏది పెట్టాలన్నది కంపెనీ ఇంజనీరు సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకునే సెట్టింగ్. వింతేమిటంటే శక్తి ఉన్న 2జీకి గోడ అడ్డం, గోడ తొలగిన 4జీకి శక్తి చాలదు.

అసలు ఆ టవర్ మొహం ఎటువైపు ఉందన్నది మరో ప్రశ్న. టవర్ మీది యాంటెన్నాలు వెలుగును అన్నివైపులా సమంగా చిమ్మవు. ఒక్కో పలక 120 డిగ్రీల మేర చూస్తుంది, పైగా తలవంచి కిందికి చూస్తుంది. సిగ్నల్ పక్క టవర్ ప్రాంతంలోకి పోయి గందరగోళం చెయ్యకూడదని కావాలనే అలా వంచుతారు. తీరం మీది టవర్‌కు సముద్రంవైపు పలక పెట్టినా, అది బీచ్ రోడ్డునూ ఇసక మీది జనాన్నీ చూసేటట్టే వంచి ఉంటుంది. నీటి మీద కనెక్షన్లు లేవు, బిల్లులు లేవు. ఇందులో కుట్ర ఏమీ లేదు, వ్యాపారం ఉంది. ఆ పలకను మూడు నాలుగు డిగ్రీలు పైకి లేపి, పొడుగు సంకేతం పెట్టి, తక్కువ ఫ్రీక్వెన్సీ కేటాయిస్తే తీరం వెంట ఎన్నో బోట్లు మరో గంట ప్రయాణందాకా మాటకు అందుతాయి. జాలర్ల ఊళ్ళకు జెట్టీలూ ఐసు ప్లాంట్లూ అడిగే నాయకులు దీన్ని కూడా అడగవచ్చు. ఖర్చు లెక్కన చూస్తే జెట్టీకన్నా ఇది చవక.

సముద్రం మీద ఎవరూ లేరన్న మాట అన్నిచోట్లా చెల్లదు. ఉత్తర సముద్రంలో నార్వే, బ్రిటన్ల చమురు వేదికలున్నాయి, వాటిని కలుపుతూ సముద్రగర్భంలో ఫైబర్ తీగలున్నాయి. టాంప్‌నెట్ అనే నార్వే సంస్థ ఆ వేదికల మీదే 4జీ కేంద్రాలు పెట్టింది. తీరానికి వంద కిలోమీటర్ల అవతల కూడా ఆ చుట్టుపక్కల వెళ్ళే నౌకలకు మామూలు మొబైల్ డేటా దొరుకుతుంది. చమురు ఉంటే టవర్ వస్తుంది. చేప ఉంటే రాదు.

ఇంతలో బోటువాడు తనంతట తాను చేసుకోగలిగింది ఏమిటి? ఎత్తు. పది మీటర్ల తెరకొయ్య కొసన యాంటెన్నా కడితే దాని దిగంతం 13 కిలోమీటర్లు, చేతిలోని ఫోనుకన్నా ఏడు ఎక్కువ. అద్దం లెక్క ప్రకారం బలం కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పైన యాంటెన్నా, కింద రౌటర్ పెట్టి మధ్యలో పదిహేను మీటర్ల కేబుల్ లాగుతారు. ఆ పొడుగాటి తీగే సంపాదించిన బలంలో సగాన్ని తినేస్తుంది. సిమ్ వేసిన రౌటర్‌ను నీరు చొరబడని పెట్టెలో పైనే ఉంచి, కిందికి నెట్‌వర్క్ తీగ ఒక్కటి దింపడం మేలు. బజారులో దొరికే 'పన్నెండు రెట్ల శక్తి' యాంటెన్నాలను చూసి మోసపోకూడదు. యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఒక దిశలోకి కుదిస్తుంది. కుదింపు ఎక్కువైతే, బోటు ఒరిగినప్పుడల్లా ఆ సన్నటి పట్టీ ఒకసారి మబ్బుల్లోకి, ఒకసారి నీళ్ళలోకి పోతుంది. ఊగే బోటుకు మధ్యరకం యాంటెన్నాయే తగినది. ఇక అనుమతి లేని సిగ్నల్ బూస్టర్ పెట్టడం మనదేశంలో చట్టవిరుద్ధం. అది తన సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచి టవర్‌ను చెవిటిదాన్ని చేస్తుంది కాబట్టి ఆ నిషేధం సబబైనదే.

మరో సంగతి. సిగ్నల్ లేనిచోట ఫోను టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీని ఖాళీ చేసుకుంటుంది. ఫ్లైట్ మోడ్‌లో పెట్టేస్తే రోజుల తరబడి వస్తుంది, జీపీఎస్ అప్పుడు కూడా పనిచేస్తుంది. నెట్ లేకపోతే జీపీఎస్ రాదనుకోవడం సర్వత్రా ఉన్న అపోహ. ఉపగ్రహాలు చెప్పేది ఫోను వింటుందంతే, తిరిగి ఏమీ చెప్పదు. పటాన్ని ముందే దించుకుంటే చాలు. మనం ఎక్కడున్నామో మనకు తెలియడం వేరు, ఇంకొకరికి చెప్పగలగడం వేరు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలర్లు పాకిస్తాన్ దళాలకు చిక్కారు. వాళ్ళలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర విడుదలయ్యారు. నీటి మీద సరిహద్దుకు రాయి ఉండదు, కంచె ఉండదు. 'మీరు దాటుతున్నారు' అని తీరం నుంచి ఒక మాట చేరవెయ్యగల సాధనం ఇలాంటి బోట్లకు ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

టవర్ అందని నీటిలో తరతరాలుగా పనిచేస్తున్నది వీహెచ్ఎఫ్ రేడియో సెట్టు. 16వ ఛానల్, 156.8 మెగాహెర్ట్జ్, 25 వాట్లు. దీనికీ దిగంతం నుంచి మినహాయింపు లేదు. పది మీటర్ల ఎత్తున్న రెండు బోట్లు ఇంచుమించు 26 కిలోమీటర్ల దాకా మాట్లాడుకోగలవు. అయితే దీనికి టవర్‌తో పనిలేదు. ఒకరు మాట్లాడితే చుట్టుపక్కలవాళ్ళందరూ వింటారు. ఒక బోటు విన్నది రెండో బోటుకు, అది మూడోదానికి చెబుతూ కబురు తీరం చేరుతుంది. రేడియో మొదట్లో బతికిందే ఇలా, సముద్రం మీద. 1899 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ తీరంలోని ఈస్ట్ గుడ్విన్ దీపనౌకను మరో ఓడ గుద్దుకున్నప్పుడు అది మార్కోనీ యంత్రంతో సాయం అడిగింది. ఊళ్ళలో రేడియోలు లేని కాలం అది. నీటి కోసం పుట్టిన విద్యను వందేళ్ళలో నేల కోసం ఎంతగా మార్చేశామంటే, ఇప్పుడు నీటి మీద అది పనిచెయ్యడం విశేషమైపోయింది.

2017 నవంబరు 30న ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు తీరాల్లో ఈ కొరతను నెత్తురు చిందేలా చూపించింది. హెచ్చరిక వెలువడేసరికి లోతుసముద్రం బోట్లు తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ మాట చేరవేసే దారి లేదు. వందలమంది తిరిగి రాలేదు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, విమానాశ్రయాల సంస్థ కలిసి 2019 అక్టోబరులో జెమిని అనే చిన్న పెట్టెను తెచ్చాయి. సముద్రం ఒడ్డున లేని ఊళ్ళో సముద్ర సమాచార కేంద్రమేమిటని ఆశ్చర్యపోనక్కర్లేదు. చేపలు దొరికే చోట్లను ఉపగ్రహ చిత్రాల్లోని నీటి వేడినీ, పచ్చదనాన్నీ బట్టి అంచనా వేసి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరమో రాష్ట్రాల భాషల్లో ఎప్పటినుంచో చెబుతున్నది ఆ సంస్థే. జెమిని కిటుకు ఏమిటంటే, విమానాల దారి సరిచెయ్యడానికి పెట్టిన గగన్ ఉపగ్రహ వ్యవస్థ సరిగ్గా జీపీఎస్ వాడే ఫ్రీక్వెన్సీలోనే ప్రసారం చేస్తుంది. కాబట్టి జీపీఎస్ చిప్పులాంటిదే దాని మాట వినగలదు. పెద్ద యాంటెన్నా అక్కర్లేదు. పెట్టె విన్నది బ్లూటూత్ మీదుగా జేబులోని ఫోనుకు చేరుతుంది, తెలుగులో కూడా. తుఫాను కబురు, ఎగసే అలల కబురు, చేపల కబురు, అన్నీ. వినడమే తప్ప బదులు చెప్పడం మాత్రం లేదు.

బదులు చెప్పడం ఎందుకంత కష్టమంటే, భూస్థిర కక్ష్య 35,786 కిలోమీటర్ల పైన ఉంది. దాన్ని చేరే గొంతు చిన్న పెట్టెకు ఉండాలంటే, వినే చెవి పైన చాలా పెద్దదిగా ఉండాలి. శ్రీహరికోట నుంచి 2015లో ఎగిరిన జీశాట్-6కు కక్ష్యలో విప్పుకునే ఆరు మీటర్ల యాంటెన్నా పెట్టింది కింద చిన్న సెట్లు సరిపోవాలనే. 2010 ప్రాంతం నుంచి మన బోట్లలో వాడుతున్న ఆపద సూచక యంత్రాలు మీట నొక్కితే కోస్ట్‌గార్డ్‌కు సంకేతం పంపేవి, కానీ అది చేరిందో లేదో నొక్కినవాడికి తెలిసేది కాదు. మునుగుతున్నవాడికి ఆ అనిశ్చితి చిన్న విషయం కాదు. 2024 జనవరిలో ఇస్రో తెచ్చిన రెండో తరం యంత్రం 'మీ కేక అందింది' అని తిరిగి చెబుతుంది. అదే ఏడాది ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రధాని ఇంకో పథకం ప్రారంభించారు. సుమారు 360 కోట్ల రూపాయలతో పదమూడు తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని లక్ష బోట్లకు దశలవారీగా ట్రాన్స్‌పాండర్లు అమర్చాలని సంకల్పం. వీటితో రెండువైపులా సందేశాలు నడుస్తాయి. వీడియో కాల్ రాదు. ఇంజన్ ఆగిపోయిందనీ, ఒక మనిషికి గుండెనొప్పి వచ్చిందనీ చెప్పడానికి వీడియో అక్కర్లేదు కూడా.

ఓ ఉపగ్రహ ఫోను కొనుక్కుంటే సరిపోదా అనే ప్రశ్న వస్తుంది. 2008 ముంబయి దాడుల తర్వాత మనదేశంలో తురాయా, ఇరిడియం ఫోన్లు అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమైంది. తెలియక తెచ్చుకున్న విదేశీ యాత్రికులు జైలు చూసిన ఉదంతాలున్నాయి. నౌకలకూ విమానాలకూ ఇంటర్నెట్ ఇచ్చేందుకు 2018లో వేరే నియమావళి వచ్చింది. సరుకు ఓడల్లో పనిచేసే మనవాళ్ళు ఇంటికి వాట్సాప్ కాల్ చేస్తున్నది ఓడ నెత్తిన ఉన్న డిష్ పుణ్యమే. ఓడ యజమాని నావికులకు ఇంటితో మాట్లాడుకునే సౌకర్యం కల్పించాలని అంతర్జాతీయ నావికుల ఒప్పందంలో చేర్చిన సవరణ 2024 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. చేపల బోట్లకు ఆ ఒప్పందం వర్తించదు.

భూస్థిర ఉపగ్రహం మీదుగా 'హలో' అంటే తిరుగు 'హలో' వచ్చేసరికి అర సెకను పడుతుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి గనక ఆ జాప్యం తెలియదు. ఆ సంస్థకు 2025లో మనదేశంలో లైసెన్సు వచ్చింది. కానీ దాని పళ్ళెం వంద వాట్లకు అటూఇటుగా కరెంటు తాగుతుంది, చందా కట్టాలి. ఐసు ధరకే గుంజాటన పడే చిన్న బోటుకు అది తూగేది కాదు.

దానికన్నా ఆశ పెట్టుకోదగ్గది ఇంకొకటి: మామూలు ఫోనుతో నేరుగా మాట్లాడే ఉపగ్రహం. 2025 జూలైలో అమెరికాలో ఒక మొబైల్ కంపెనీ ఖాతాదారులకు స్టార్‌లింక్ మీదుగా ఇలాంటి సందేశాల సేవ మొదలైంది. 0.2 వాట్ల గొంతు వందల కిలోమీటర్ల పైకి వినబడాలంటే పైన చెవి విపరీతంగా పెద్దది కావాలి. 2025 డిసెంబరు 24న శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 మోసుకెళ్ళిన అమెరికా ఉపగ్రహం బ్లూబర్డ్ బరువు సుమారు 6,100 కిలోలు, యాంటెన్నా వైశాల్యం 223 చదరపు మీటర్లు. ఆ ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పరిగెడుతుంది కాబట్టి, దూసుకొచ్చే రైలు కూత స్వరం మారినట్టే ఫ్రీక్వెన్సీ పదుల కిలోహెర్ట్జ్ జరుగుతుంది. ఆ జరుగుడునూ, వంద కిలోమీటర్లు దాటిన దూరం తెచ్చే ఆలస్యాన్నీ ఉపగ్రహ వ్యవస్థే సర్దుకుని, పక్కవీధి టవర్‌తో మాట్లాడుతున్నానని ఫోనును నమ్మిస్తుంది. రాకెట్ ప్రయోగం ఉన్నరోజు ఆ చుట్టుపక్కల తీరాల జాలర్లను నిర్ణీత ప్రాంతంలో వేటకు వెళ్ళొద్దని ఆపుతారు. సముద్రంలో సిగ్నల్ ఇవ్వగల యంత్రం పైకి వెళ్ళడానికి సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు ఒడ్డున కూర్చోవాలన్నమాట.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. ఉపగ్రహం వేసే ఒక్కో వెలుగుమచ్చ పదుల కిలోమీటర్ల వెడల్పుంటుంది. ఆ మచ్చ కిందున్న వాళ్ళందరూ ఒక్క టవర్‌పాటి సామర్థ్యాన్ని పంచుకోవాలి. అది హైదరాబాద్ మీద పడితే లక్షలమంది ఎగబడి, ఎవరికీ ఏమీ మిగలదు. కాకినాడకు వంద కిలోమీటర్ల తూర్పున పడితే అక్కడుండేది పదో పాతికో బోట్లు, ఒక్కో బోటులో ఎనిమిదో పదో ఫోన్లు. అడ్డంగా గోడ లేదు, చెట్టు లేదు, ఆకాశం అంచునుంచి అంచుకు తెరిచి ఉంది. నీటి మీద కనెక్షన్లు లేవని తీరం టవర్లు మొహం తిప్పుకున్న కారణమే ఇక్కడ అనుకూలం. మనదగ్గర ఇక మిగిలింది ఏ ఫ్రీక్వెన్సీ, ఎవరి అనుమతి, సందేశానికి ఎంత ధర అన్న ప్రశ్నలు, వాటికి జవాబు రావాల్సింది ఢిల్లీ నుంచి.